దుమ్ము కొలవడానికి బయలుదేరిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ప్రాజెక్టు చేతికి వచ్చినందుకు సంతోషం. భూగర్భ గనిలో ఎవరి ఊపిరితిత్తుల్లోకి ఎంత రాతి దుమ్ము పోతోందో కొలవాలి, తగ్గించే దారి చెప్పాలి, గడువు రెండేళ్ళు. "ముందు ఏ పరికరం కొనమంటారు మావయ్యా?" అని అడిగావు. పరికరం సంగతి తర్వాత చూద్దాం. మొదటి మూడు వారాలు ఏమీ కొలవకుండా షిఫ్టుతో పాటు దిగు, షిఫ్టుతో పాటు పైకి రా.

ఎందుకంటే నేను అలా చేయలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నడుముకి కట్టుకునే శాంప్లింగ్ పంపులు (గాలిని లాగి అందులోని దుమ్మును ఫిల్టరు మీద పట్టేవి) తీసుకుని ఒక గనికి వెళ్ళాను. పది మందికి కట్టి, పైన ఆఫీసులో కూర్చుని సాయంత్రం వెనక్కి తీసుకున్నాను. ఫిల్టర్లు తూకం వేస్తే అంకెలు ఎంత చక్కగా ఉన్నాయంటే, మా ఆఫీసరు భుజం తట్టారు. డ్రిల్లు పట్టిన మనిషికీ, స్టోర్‌లో కూర్చున్న మనిషికీ దాదాపు ఒకటే దుమ్ము! అనుమానం రావాల్సింది, రాలేదు. నెల తర్వాత డ్రిల్లరే నవ్వుతూ చెప్పాడు, "మీ డబ్బా ఆ రోజంతా మంచి గాలి వచ్చే దారిలో మేకుకి వేలాడింది సార్" అని. దుమ్ము ఎక్కువని తేలితే ఆ ఫేస్‌లో, అంటే రాయి తవ్వే చోట, పని ఆపేస్తారు. ఆపితే వాళ్ళ ఇన్సెంటివ్ పోతుంది. నేను వాళ్ళ మంచికే వచ్చానని నా నమ్మకం. వాళ్ళ లెక్కలో మాత్రం నేను జీతానికి కోత పెట్టడానికి వచ్చినవాడిని.

కాబట్టి పంపు కట్టే ముందే తేల్చుకో: ఈ అంకె ఎవరెవరు చూస్తారు, చూశాక ఎవరికి నష్టం? కొలిచిన రోజున పని ఆగితే కూలి ఎలా కట్టిస్తారో యాజమాన్యంతో, యూనియన్‌తో కూర్చుని కాగితం మీద రాయించుకో. పరిమితి దాటితే దాచనని కూడా ముందే చెప్పు. దాచిపెడతానని మాట ఇచ్చి మంచిదానివి అనిపించుకోకు, అది వాళ్ళకీ ద్రోహమే.

ఆ మూడు వారాల్లో ఒక పాత కార్మికుణ్ణి పట్టుకుని గని కప్పు తట్టడం నేర్పించమను. ఇనప కడ్డీతో పై రాయిని తడతారు. గట్టి రాయి గంటలా ఖణేల్మంటుంది. పొర విడి కూలేలా ఉన్న రాయి డొల్లగా, పగిలిన కుండలా పలుకుతుంది. నీకు మొదట తేడా తెలియదు, నాకూ తెలియలేదు. అది నేర్చుకుంటుంటేనే నాకు ఇంకో సంగతి అర్థమైంది. అప్పటిదాకా "చెవి ప్లగ్గులు ఇచ్చినా వీళ్ళు పెట్టుకోరు, నిర్లక్ష్యం" అని రిపోర్టుల్లో రాసేవాణ్ణి. ప్లగ్గు పెట్టుకుంటే కప్పు మాట వినపడదు, అందుకే తీసేసేవాళ్ళు. తీసేసి ఇరవై ఏళ్ళు డ్రిల్లు పక్కన నిలబడ్డాక చెవులు దెబ్బతిని, ఎలాగూ వినపడదు. శబ్దం ఒక ప్రాజెక్టు, రాయి కూలడం ఇంకో ప్రాజెక్టు అని మనం ఫైళ్ళు విడగొట్టుకున్నాం. ఆ మనిషికి ఉన్నది ఒకటే చెవి. నీది దుమ్ము ప్రాజెక్టే అయినా ఇలాంటివి కనపడితే వదలకుండా నోటు పుస్తకంలో రాసుకో.

ఇప్పుడు పరికరం. ఫిల్టరు పంపు మంచిదే, కోర్టులో నిలబడే అంకె అదే ఇస్తుంది. కానీ ఎనిమిది గంటల దుమ్మంతా కలిపి ఒక్క సగటు చెబుతుంది. ఏ నిమిషంలో ఏం చేస్తుంటే వచ్చిందో చెప్పదు. అందుకని దానితో పాటు సెకను సెకనుకీ దుమ్ము రాసుకునే చిన్న మీటరు, హెల్మెట్ మీద ఒక కెమెరా పెట్టు. అమెరికాలో వృత్తి ఆరోగ్యం మీద పనిచేసే నియోష్ సంస్థ వాళ్ళు ఈ పద్ధతిని గనుల్లో బాగా వాడుకలోకి తెచ్చారు. సాయంత్రం వీడియో, గ్రాఫు పక్కపక్కన పెట్టి ఆ కార్మికుడితో కలిసి చూడు. ఒంటరిగా చూడకు.

ఒకసారి ఒక కార్మికుడితో మేమలా చూస్తుంటే, రాయి పగలగొట్టే క్రషర్ దగ్గర ఆయన ఉన్నంతసేపూ గ్రాఫులో గీత కిందే ఉంది. ఆయన కంట్రోల్ రూమ్‌లోకి వచ్చి, తలుపు వేసుకుని, హాయిగా కుర్చీలో కూలబడ్డాడు. గీత నిలువునా లేచింది! గుడ్డ సీటు. ఎన్నాళ్ళుగానో పేరుకున్న దుమ్ము కూర్చున్నప్పుడల్లా ముఖం మీదికి లేస్తోంది. ఆయన వెనక్కి వాలి, "ఇక్కడికి వచ్చాకే మాస్క్ తీస్తాను కదండీ" అన్నాడు. మర్నాడే తుడిచేందుకు వీలైన ప్లాస్టిక్ సీటు వేయించారు. పెద్ద ఫ్యాన్ కోసం మేము రాసిన లేఖ మాత్రం ఆ ఏడాదంతా బల్లల మీదే తిరిగింది.

బట్టల సంగతీ అంతే. దులుపుకుంటే దులుపుకున్నవాడే పీలుస్తాడు. గాలి జల్లు కొట్టి, దుమ్మును బయటికి లాగేసే బట్టల బూత్ ఉంటుంది. మాస్క్ పెట్టుకుని లోపల ఒక చుట్టు తిరిగితే 20 సెకన్లలోపు పని అయిపోతుంది. నాకు ఇలాంటి పరిష్కారాలే ఇష్టం. మనిషి ప్రతిసారీ గుర్తు పెట్టుకుని జాగ్రత్త పడాల్సిన అవసరం లేనివి. డ్రిల్లు రంధ్రంలోకి నీళ్ళు పంపడం, దుమ్ము పుట్టిన చోటే లాగేయడం, క్యాబిన్‌ని గట్టిగా మూసి శుభ్రమైన గాలి ఇవ్వడం, ఇవన్నీ చూశాకే మాస్క్. "మాస్కులు పంచాం, అవగాహన సదస్సు పెట్టాం" అని ముగిసే రిపోర్టు నీ పేరు మీద రాకూడదని నా కోరిక.

పాత అంకెల్ని కూడా ఊరికే నమ్మకు. బొగ్గు దుమ్ము అంటుకుని పేలకుండా గని దారుల్లో సున్నపురాయి పొడి చల్లుతారు, తెలుసు కదా. అమెరికాలో స్వచ్ఛమైన గాలి వచ్చే దారుల్లో దుమ్ములో మండని భాగం 65 శాతం ఉంటే చాలని దశాబ్దాల పాటు రూలు ఉండేది. అది 1920ల్లో గనుల్లో దొరికిన దుమ్ము సైజును బట్టి కట్టిన లెక్క. తర్వాత యంత్రాలు వచ్చాయి, దుమ్ము బాగా సన్నబడింది, సన్న దుమ్ము తేలిగ్గా అంటుకుంటుంది. మళ్ళీ నమూనాలు తీసి, ప్రయోగ గనిలో పేల్చి చూశాక 2010లో ఆ రూలు 80 శాతానికి మారింది. సూత్రం తప్పు కాదు, కింద దుమ్మే మారిపోయింది.

రోగుల లెక్కలు ఇంకా జాగ్రత్తగా చూడు. రాతి దుమ్ము జబ్బు సాధారణంగా పదేళ్ళు, ఇరవై ఏళ్ళు లోపలే ఉండి బయటపడుతుంది. నీ ప్రాజెక్టు రెండేళ్ళది. కాబట్టి "జబ్బు తగ్గింది" అని నువ్వు ఎప్పటికీ చెప్పలేవు, "పీల్చే దుమ్ము తగ్గింది" అని మాత్రమే చెప్పగలవు. ఆ తేడా రిపోర్టు మొదటి పేజీలోనే ఉండాలి. ఇంకోటి, పనిలో ఉన్నవాళ్ళని మాత్రమే పరీక్షిస్తే ఆరోగ్యవంతులే కనపడతారు. అమెరికాలో వర్జీనియాలో మూడు క్లినిక్‌లలో 2013 నుంచి 2017 మొదటి నెలల దాకా 416 మంది బొగ్గు గని కార్మికుల్లో నల్ల ఊపిరితిత్తుల జబ్బు ముదిరిన రూపం బయటపడింది. అంతకు ముందే పక్క రాష్ట్రం కెంటకీలో ఒక ఎక్స్‌రే డాక్టరు తన దగ్గరికి వస్తున్నవాళ్ళని చూసి గంట కొట్టబట్టి ఆ వైపు చూపు పడింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో పనిలో ఉన్నవాళ్ళు చాలామంది ఎక్స్‌రేకి వెళ్ళరు. వెళ్ళేది పని మానేశాక, ఆయాసం తట్టుకోలేక. నువ్వు రిటైరైన వాళ్ళ ఇళ్ళకి కూడా వెళ్ళు.

గేటు దగ్గర "ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు" అనే బోర్డు ఉంటే, దాన్ని చూసి మురిసిపోకు. వేలు విరిగినవాడు స్టోర్‌లో కూర్చుని రిజిస్టరు రాస్తుండటం నేను చూశాను. ఆ రోజు బోర్డు మీద అంకె పెరిగింది.

చదవమంటే బ్రిటన్ శాస్త్రవేత్త హాల్డేన్ గురించి చదువు. 1896లో ఆయన గని పేలుళ్ళలో పోయినవాళ్ళ శవాల్ని పరీక్షించి, చాలామందిని చంపింది మంట కాదు, తర్వాత కమ్ముకున్న కార్బన్ మోనాక్సైడ్ అని తేల్చారు. ఆ వాయువుకి మనిషికంటే ముందే సోలిపోయే కానరీ పిట్టను పంజరంలో కిందికి తీసుకెళ్ళడం ఆ పని నుంచే వచ్చింది, బ్రిటన్ గనుల్లో 1986 దాకా సాగింది. కారణం సరిగ్గా తెలిసింది కాబట్టే అంత చవకైన సాధనం పనికొచ్చింది.

వేడి, యంత్రాల అదురు గురించి అడిగావు. ఈ ప్రాజెక్టులో వాటిని ఇరికించకు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఆఖరుగా ఒక పని. ఫలితాలు జర్నల్‌కి పంపే ముందే, పంపు కట్టుకున్న ప్రతి మనిషికీ అతని అంకె అతని చేతికి ఇవ్వు. ఒక్క కాగితం, పెద్ద అక్షరాలు, అతని భాషలో, ఏ పని చేస్తుంటే ఎంత పీల్చాడో. నాకు అబద్ధం చెప్పిన డ్రిల్లరుకి నేనిచ్చిన మొదటి నిజమైన కాగితం ఆయన మడిచి హెల్మెట్‌లో పెట్టుకున్నాడు. మర్నాటి షిఫ్టులో పంపు తనే అడిగి కట్టుకున్నాడు.

బూట్లు నీ సైజువే అడిగి తీసుకో, పెద్దవి అంటగడతారు. మొదటి వీడియో చూశాక రాయి.

ఆశీస్సులతో,
మావయ్య