కాస్త చెత్తగానే ఉండనీ

అమ్మలూ,

పెరట్లోకి పక్షులు రావాలంటే ఏం చేయాలి తాతయ్యా అని అడిగావు. గింజల గిన్నె, నీళ్ల తొట్టి, చెక్క గూడు అన్నీ ఒకేసారి కొనేస్తానంటున్నావు. కాస్త ఆగు. ఏం చేయకూడదో ముందు చెప్తాను, డబ్బులు కూడా మిగులుతాయి.

నిమ్మ మొక్క ఆకులన్నీ కొరికేసి ఉన్నాయని మందు కొట్టబోతున్నావట. కొట్టే ముందు ఒక ఆకును కంటికి దగ్గరగా పట్టుకుని చూడు. పిట్ట రెట్టలా నల్లగా, తెల్ల మచ్చలతో అంటుకుని ఉంటుందే, అదే పురుగు. ఎవరికీ తినబుద్ధి కాకూడదని ఆ వేషం. కొన్నాళ్లకు కుబుసం విడిచి పచ్చగా మారుతుంది. అప్పుడు పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటివి తన్నుకొస్తాయి, ఘాటైన వాసన కొడుతుంది. అదంతా ఉత్త బెదిరింపే. బతికితే సీతాకోకచిలుక అవుతుంది, లేకపోతే ఏ పిట్టో పిల్లల కోసం ముక్కున కరుచుకుపోతుంది. గింజలు తినే పిచ్చుక కూడా గూట్లో పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులనే. ఇటు మందు కొట్టి అటు గిన్నెలో గింజలు పోశావంటే, తల్లికి వడ్డించి పిల్లల నోటికాడిది లాక్కున్నట్టే.

మొక్కలు కొనేటప్పుడు కూడా ఇదే గుర్తుంచుకో. ఆకు తినే పురుగుల్లో చాలా వాటికి ఏవో కొన్ని రకాల మొక్కలే పడతాయి. ఎక్కడి నుంచో తెచ్చిన మొక్క ఎంత విరగబూసినా వాటికి ప్లాస్టిక్ పువ్వుతో సమానం. మీ చుట్టుపక్కల ఎవరూ నాటకుండానే మొలిచేవేంటో చూసి అవే పెంచు. అలాగని అడవిలోంచి పీక్కురాకు.

రాలిన ఆకుల్ని ఒక మూలకు నెట్టి వదిలెయ్. కప్పలకూ తొండలకూ అంతకన్నా మంచి చోటు దొరకదు. పెరడంతా సిమెంటు చేయించాలన్న ఆలోచన మాత్రం మానుకో. తేనెటీగ అనగానే మనకు తుట్టె గుర్తొస్తుంది కానీ, వాటిలో 20,000 పైచిలుకు జాతులున్నాయి. ఎక్కువ భాగం ఒంటరిగా బతికేవే, వాటిలోనూ చాలా మటుకు నేలలోనే బొరియ చేసుకుని గుడ్లు పెడతాయి. జానెడు ఎండ తగిలే ఉత్త మట్టి చాలు.

ఎలుకల మందు గురించి చెప్పాలంటే నాకు సిగ్గుగానే ఉంది. ఒకప్పుడు నేనే పెట్టాను. రక్తం గడ్డకట్టకుండా చేసే రకం అది. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా తూలుతూ తిరుగుతుంది. దాన్ని పట్టుకోవడం గుడ్లగూబకు ఎంత సులువో అప్పుడు నాకు తట్టలేదు. వారం తిరక్కముందే గోడ పక్కన రెక్కలు చాపి పడి ఉన్న గుడ్లగూబను నేనే పూడ్చాను. ఆ తర్వాత కన్నాలు మూసి, బోను పెట్టడం మొదలుపెట్టాను. ఎలుకలు అప్పుడూ తగ్గాయి.

మిగతావి తేలికే. రాత్రి బయటి లైటు అవసరమైనంత సేపే వెయ్యి, అదీ పసుపు రంగుది, కిందికి తిప్పి. పెద్ద కిటికీ అద్దంలో పక్షికి ఆకాశమే కనబడుతుంది, అందుకే వచ్చి గుద్దుకుంటుంది. బయటి వైపు ఐదేసి సెంటీమీటర్ల దూరంలో చుక్కలు అంటించు. ఏవో రెండు స్టిక్కర్లు వేసి ఊరుకుంటే లాభం లేదు. పిల్లిని ఇంట్లోనే ఉంచు, దానికి కోపం వచ్చినా సరే.

ఎగరడం రాని పిట్ట పిల్ల నేల మీద కనబడిందనుకో, టెన్షన్ పడకు. ఒళ్లంతా ఈకలు వచ్చి గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోందని అర్థం, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. వదిలెయ్. ఈకలు రాకపోతే ఎత్తి గూట్లో పెట్టు. మనిషి చెయ్యి తగిలితే తల్లి రాదన్న మాట ఉత్తదే.

నీళ్ల తొట్టి మాత్రం కొనుక్కో. లోతు తక్కువగా, అడుగు గరుకుగా ఉండాలి. మధ్యలో ఒక రాయి పెట్టు, రెండు రోజులకోసారి కడిగి నీళ్లు మార్చు.

నిమ్మ మొక్క మీది ఆ పురుగు పచ్చగా మారిందో లేదో రాయి.

తాతయ్య