పేరు తెలియని బటర్‌ఫ్రూట్ చెట్టు

అమ్మాయీ,

బెంగళూరు పక్కన హెసరఘట్ట దగ్గరి మీ స్థలంలో ముందునుంచీ ఉన్న బటర్‌ఫ్రూట్ (అవకాడో) చెట్లు ఏ రకాలో అడుగుతూ కాయల ఫొటోలు పంపావు. కాయ ఆకారం, రంగు చూసి పేరు చెప్పడం తప్పు. పండి నల్లబడినంత మాత్రాన అది హాస్ అనే పేరున్న రకం అయిపోదు. గింజ మొక్కలకు కాసే కాయలు కూడా చాలావాటికి ఊదారంగు తిరుగుతుంది.

ముందు చెట్టు మొదలు చూడు. నేలకు జానెడు, రెండు జానల ఎత్తులో బెరడు రంగు మారిందా, కాండం కాస్త వంగిందా, లావులో తేడా ఉందా? ఉంటే అంటు కట్టిన చెట్టు. అంటుకు కింద నుంచి లేచిన కొమ్మ పైదాన్ని మించి పెరిగి ఉంటే, నువ్వు తింటున్నది వేరుమొక్క (అంటు కట్టడానికి అడుగున వాడిన మొక్క) కాయే. కాయ కోసిన కొమ్మ ఎక్కడ పుట్టిందో కిందిదాకా వెతుకు. అంటు గుర్తే లేకపోతే అది చాలావరకు గింజ మొక్కే. కొడగు కాఫీ తోటల్లో కనిపించే చెట్లు చాలావరకు ఇలాంటివే. గింజతో పెరిగిన చెట్టుకు తల్లి పేరు రాదు, దానికి నర్సరీ పేరు వెతకడం వృథా. కాయ బాగుంటే నువ్వే ఒక పేరు పెట్టి అంటు కట్టించు.

అంటు చెట్టయితే ముందు జాతి తేల్చాలి: మెక్సికన్, గ్వాటెమాలన్, వెస్టిండియన్ అని మూడు. ముదిరిన ఆకు నలిపి వాసన చూడు. సోంపు వాసన వస్తే మెక్సికన్ రక్తం ఉన్నట్టే. రాకపోతే లేదని మాత్రం అనుకోకు, సంకరాల్లో ఆ వాసన పోతుంది. ఒక చెట్టు ఆకు నలిపాక చేయి కడుక్కుని రెండోదాని దగ్గరికి వెళ్లు.

తర్వాత పండిన కాయ తొక్క ముక్క తీసి వంచి చూడు. గ్వాటెమాలన్‌ది మందంగా, గరుకుగా, పెంకులా పుటుక్కున విరుగుతుంది. వెస్టిండియన్‌ది తోలులా వంగుతుంది, మెక్సికన్‌ది కాగితంలా పలచన. కాయ ఊపితే గింజ లోపల కదిలితే, గింజ పైపొర ఊడి గుజ్జుకు అంటుకుంటే, వెస్టిండియన్ వైపు మొగ్గు. ఆ జాతిలో నూనె తక్కువ, గుజ్జు నీళ్లగా ఉంటుంది. మన వేడి ప్రాంతాల్లో బాగా కాసే పొలాక్, సిమ్మండ్స్ రకాలు ఈ జాతివే. బూత్ 7, బూత్ 8, చొకెట్ మాత్రం గ్వాటెమాలన్‌తో కలిసిన సంకరాలు.

కాయ చెట్టు మీద మెత్తబడదు. కోసి గదిలో ఉంచి ఎన్ని రోజులకు మెత్తబడిందో రాసుకో. ముడతలు పడి రబ్బరులా మిగిలితే అది లేతకాయ. దాన్ని లెక్కలోంచి తీసెయ్యి, లేకపోతే తొక్క, రుచి రెండూ నిన్ను పక్కదారి పట్టిస్తాయి.

అన్నిటికన్నా నమ్మదగిన సాక్ష్యం పువ్వు. విచ్చుకోబోయే పది మొగ్గలకు దారం కట్టి, వరుసగా రెండు రోజులు ఉదయం ఎనిమిదింటికీ, మధ్యాహ్నం మూడింటికీ చూడు. ప్రతి పువ్వూ రెండుసార్లు తెరుచుకుంటుంది: మొదటిసారి ఆడ పువ్వుగా, మర్నాడు మగ పువ్వుగా. ఆడ దశలో నడిమి కీలాగ్రం (పుప్పొడి అందుకునే కొన) తెల్లగా నిలబడి, కేసరాలు రేకుల మీద వాలి ఉంటాయి. మగ దశలో కేసరాలు లేచి పుప్పొడి రాలుస్తాయి. తొలిసారి ఉదయం తెరిస్తే ‘A’ రకం, మధ్యాహ్నం తెరిస్తే ‘B’ రకం. హాస్, సిమ్మండ్స్, లూలా, చొకెట్ ‘A’ రకం. ఫుయెర్టే, పొలాక్, రెండు బూత్‌లూ ‘B’. హాస్ అని అమ్మిన మొక్క ‘B’లా పూస్తే అది హాస్ కాదు. అయితే బెంగళూరు డిసెంబరు చలికి ఈ గడియారం తడబడుతుంది. మబ్బు, చలి ఉన్న రోజుల లెక్క వదిలేసి, ఎండ కాసే రోజుల్లో మళ్లీ చూడు.

పూత నుంచి కోత దాకా ఎన్ని నెలలో కూడా రాయి. వెస్టిండియన్, మెక్సికన్ కాయలు సుమారు ఆరు నుంచి ఎనిమిది నెలల్లో తయారవుతాయి. గ్వాటెమాలన్‌వి ఏడాది దాటేదాకా కూడా కొమ్మ మీదే ఉండగలవు.

ఇవన్నీ కుదిరాక పోల్చేటప్పుడు అమెరికా పేర్ల దగ్గరే ఆగిపోవద్దు. కొడగులోని చెట్టళ్లి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన అర్క సుప్రీమ్, అర్క కూర్గ్ రవి, తమిళనాడు తడియన్‌కుడిసై నుంచి వచ్చిన టీకేడీ 1 రకాలు కూడా చూడు.

ఈసారి ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టు. ఒక్కో చెట్టు నుంచి పది కాయలు తూచి సగటు రాయి. నిలువుగా కోసిన సగం, గింజ, వంచిన తొక్క ముక్క, తొడిమ విడివిడిగా ఫొటో తియ్యి. తొడిమ మేకు తలలా చదునుగా ఉందా, కాయవైపు లావెక్కుతూ శంకువులా ఉందా అన్నది నాకు కావాలి. ముందుగా చెట్లకు రంగుతో నంబర్లు వేసుకో.

పెదనాన్న