అడగండి, చెబుతాను: 1676లో మిరియాల నీళ్ళు

ప్రశ్న: మేడమ్, న్యూటన్ వల్ల 1666ని సైన్స్‌లో అద్భుత సంవత్సరం అంటారని మా సార్ చెప్పారు. మీకు బాగా నచ్చిన సంవత్సరం ఏది?
(ఇంటర్ విద్యార్థిని, పటమట, విజయవాడ)

జవాబు: నన్నడిగితే 1676 అంటానమ్మా.

అప్పటికి మన గుంటూరు, బెజవాడ సీమలు గోల్కొండ సుల్తాను తానీషా ఏలుబడిలో ఉన్నాయి. ఆయన మంత్రి మాదన్న. మీ ఊళ్ళో ఇంద్రకీలాద్రి కింద ఉన్న అక్కన్న మాదన్న గుహలకు ఆ అన్నదమ్ముల పేరే పెట్టారు. మచిలీపట్నం రేవులో డచ్చివాళ్ళ కంపెనీ మన నేత బట్టలు కొని ఓడలకెక్కించేది. నెదర్లాండ్స్‌లో ఆ కంపెనీకి ఉన్న ఆరు శాఖల్లో ఒకటి డెల్ఫ్ట్ ఊళ్ళో ఉండేది. ఆ ఊరివాడే ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. మొదట బట్టల వ్యాపారి, తర్వాత నగర పాలక కార్యాలయంలో ఉద్యోగి. యూనివర్సిటీ గడప తొక్కలేదు, లాటిన్ రాదు. తన చేత్తో తయారుచేసిన బుల్లి కటకాన్ని రెండు లోహపు రేకుల మధ్య బిగించి, కంటికి ఆనించుకుని చూసేవాడు. ఆయన చేసినవాటిలో నేటికీ మిగిలిన ఒకటి వస్తువును సుమారు 270 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది!

మిరియం నాలుకను ఎందుకు మండిస్తుందని ఆయనకు సందేహం వచ్చింది. అందులో మొనదేలిన రేణువులుండి గుచ్చుతాయేమో అనుకున్నాడు. మెత్తబడితే చూడొచ్చని మిరియాలు నీళ్ళలో వేసి, వారాల తరబడి నాననిచ్చాడు. 1676 ఏప్రిల్‌లో ఆ నీటి చుక్కను చూస్తే, లెక్కపెట్టలేనన్ని ప్రాణులు ఈదుతున్నాయి. వాటిలో మరీ చిన్నవే ఇవాళ మనం బ్యాక్టీరియా అంటున్నవి.

వెతికింది దొరకలేదని ఆ నీళ్ళు పారబోసి ఉంటే కథ అక్కడితో సరి. ఆయన అలా వదల్లేదు. వాన నీళ్ళు, బావి నీళ్ళు, సముద్రపు నీళ్ళు, అల్లం, లవంగం, జాజికాయ నానిన నీళ్ళు, అన్నీ చూశాడు. అంత చిన్నవాటిని కొలిచే సాధనం లేదు కనుక ఇసుక రేణువుతో పోల్చి పరిమాణం అంచనా వేశాడు. అక్టోబర్ 9న లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి, తనకు వచ్చిన డచ్చి భాషలోనే పొడవాటి ఉత్తరం రాశాడు.

అక్కడివాళ్ళు వెంటనే నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైందని నా అభిప్రాయం. దానివల్లే ఆయన ఊరి పెద్దలు ఎనిమిది మందికి చూపించి, మేమూ చూశామని వాళ్ళ చేత రాయించి పంపాడు. 1677 నవంబరులో రాబర్ట్ హుక్ లండన్‌లో తానూ మిరియాలు నానబెట్టి, సొసైటీ సభ్యుల కళ్ళకు చూపించాడు. గుంటూరులో డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్పే రోజుల్లో, స్లైడు సరిగ్గా చూడకుండానే పుస్తకంలోని బొమ్మ రికార్డులోకి దించేవాళ్ళను చూస్తే నాకు బాధేసేది. మీకేం కనిపించిందో అది గీయండి, మార్కులు నేనిస్తాను అనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను.

రోగాలతో వీటికున్న సంబంధం మాత్రం అప్పుడు తేలలేదు. మంచి కటకాలు చేసే పద్ధతిని లీవెన్‌హుక్ ఎవరికీ చెప్పలేదు, అదొక కారణం. ఆంత్రాక్స్‌కు బ్యాక్టీరియానే కారణమని రాబర్ట్ కోచ్ చూపించింది 1876లో.

అదే 1676లో పారిస్‌లో ఇంకో సంగతి జరిగింది. గురుడి ఉపగ్రహం అయో నవంబరు 9న నీడలోంచి బయటపడటం 10 నిమిషాలు ఆలస్యంగా కనిపిస్తుందని డెన్మార్క్‌కు చెందిన ఓలే రోమర్ ముందే చెప్పాడు. అలాగే జరిగింది. భూమి గురుడికి దూరమయ్యేకొద్దీ వెలుగు మన దాకా రావడానికి ఎక్కువ టైమ్ పడుతుంది మరి. భూమి కక్ష్య ఈ అంచు నుంచి ఆ అంచుకు వెలుగు వెళ్ళడానికి 22 నిమిషాలు పడుతుందని ఆయన లెక్క, అసలుకు 17 నిమిషాల లోపే. అయినా వెలుగుకూ ఒక వేగం ఉందని కొలతతో చూపించినవాడు ఆయనే. మీ ఫిజిక్స్ సార్‌ని అడుగు, బోర్డు మీద బొమ్మ గీసి చెబుతారు.

ప్రశ్న: జలుబుకు కాచిన మిరియాల కషాయాన్ని మా అత్తగారు రెండు రోజులు గట్టు మీదే ఉంచి తాగిస్తారు. మిరియాల ఘాటుకు క్రిములు బతకవంటారు. నిజమేనా?
(గృహిణి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: బతుకుతాయండీ. పైన చెప్పిన లీవెన్‌హుక్ గారికి కనబడింది అందులోనే కదా. మిరియాలకు ఘాటునిచ్చే పైపరిన్ నీళ్ళలో చాలా కొద్దిగానే కరుగుతుంది. మీరు కాచినప్పుడు క్రిములు చాలావరకు చచ్చేది మరుగుడు వేడికి. చల్లారాక గాలిలోంచి, గరిటె మీంచి కొత్తవి చేరి పెరుగుతాయి. బెల్లం వేసి ఉంటే వాటికి తిండి కూడా దొరికినట్టే.

మన మిర్చి యార్డునే చూడండి. అంత ఘాటు సరుకు కూడా టిక్కీల్లో నిలవుండాలంటే బాగా ఎండాలి. తేమ మిగిలితే బూజు పడుతుందని ఏ రైతైనా చెబుతాడు. అత్తగారికి యార్డు సంగతే చెప్పండి, ఆవిడకు తెలియనిది కాదు. కషాయం ఏ పూటకాపూట కాచుకోండి, మిగిలితే పారబోయండి.