వక్షస్థలం ఎన్ని అంకణాలు?

అబ్బయ్యా,

కథ అందింది, రెండుసార్లు చదివాను. కావలి ఆస్పత్రి వరండాలో ముసలమ్మ చెప్పులు బెంచీ కిందకి తోసి, కాళ్ళు పైకి పెట్టుకుని కూచోడం బాగా పట్టావు. ఆ వెంటనే ఆమె "వక్షస్థలంపై హస్తముంచి మూలిగింది" అన్నావు చూడు, అక్కడ ముసలమ్మ లేచి వెళ్ళిపోయింది, నువ్వొచ్చి కూచున్నావు.

ఈ తప్పు నేనూ చేశాలే. నా తొలి కథ మా అమ్మకు చదివి వినిపిస్తుంటే ఆమె చింతపండు గింజ తీస్తా వింటోంది. వక్షస్థలం దగ్గరికి రాగానే చెయ్యి ఆపి, "అదెక్కడబ్బయా ఆ స్థలం? ఎన్ని అంకణాలు?" అంది. నెల్లూరులో స్థలమంటే అంకణాల లెక్కే కదా. వెటకారమో, నిజంగానే అడిగిందో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ కథ మాత్రం చించేశాను.

రొమ్ము అని రాయడానికి నీకు మొహమాటం అడ్డొచ్చిందని నా అనుమానం. పేపర్లలో ఆ మాట ఆడవాళ్ళ జబ్బు పేరులోనే ఎక్కువగా కనబడుతోంది, అందుకని కుర్రాళ్ళు జంకుతున్నారు. పాత నిఘంటువు తీసి చూడు. బండి ఱతో 'ఱొమ్ము' అని ఉంటుంది, ఆడామగా ఇద్దరికీ చెల్లుతుంది. మన ఇళ్ళలో రొమ్ముపడిశం తాతకీ పడుతుంది, పసిబిడ్డకీ పడుతుంది. చావింట్లో రొమ్ము బాదుకుని ఏడుస్తారు. ఛాతీ బాదుకుని ఏడ్చిన మనిషిని నేనింతవరకు చూళ్ళేదు.

ఛాతీ మనకు హిందీ, ఉర్దూల వైపు నుంచి వచ్చింది. దాని పక్కన ఎప్పుడూ ఒక టేపు ఉంటుంది, టైలరుదో పోలీసులదో. కానిస్టేబుల్ కావాలంటే 86.3 సెంటీమీటర్లుండాలి, ఊపిరి బిగిస్తే ఇంకో 5 పెరగాలి. నీ రెండో కథలో కుర్రాడు ఒంగోలు గ్రౌండులో వరసలో నిలబడ్డప్పుడు ఛాతీ అనే ఉంచు.

గుండె ఇంకా చిత్రం. ఒంట్లో ఉన్నది ఒకటే, "గుండెల మీద చెయ్యేసుకుని చెప్పు" అంటాం. బహువచనం తగలగానే లోపలి కండ పోయి పైనున్న ఎముకల గూడు వచ్చేసింది.

1928 ఫిబ్రవరి 3న మద్రాసులో, సైమన్ కమిషన్‌ను వెళ్ళిపొమ్మన్న జనంలో, ప్రకాశం పంతులు తుపాకి ముందు నిలబడ్డాడు. ఒంగోలు జిల్లాకు 1972లో పెట్టింది ఆయన పేరే. ఆ ముచ్చట చెప్పేవాళ్ళు ఒకరు గుండె చూపాడంటారు, ఒకరు రొమ్ము చూపాడంటారు. గుండె అన్నప్పుడు నాకు ధైర్యం తెలుస్తుంది గానీ మనిషి కనపడడు. రొమ్ము అంటే చొక్కా పక్కకు లాగిన చెయ్యి కూడా కనపడుతుంది. నేనైతే రొమ్మే రాస్తాను.

సంస్కృతం వద్దని కాదు. ఉరస్సు అంటే రొమ్మే. దానితో పాకేది గనక పాము ఉరగం అయింది. సొంత కొడుకుని ఔరసుడు అనడమూ ఆ ఉరస్సు నుంచే. ఆస్తి తగాదాలో లాయరు గుమాస్తా నోట "ఔరస పుత్రుడు" ఎంత చక్కగా పలుకుతుందో! నీ కథలో డాక్టరు థొరాక్స్ అంటాడు, అననీ. గ్రీకు వాళ్ళకు ఆ మాట మొదట యుద్ధంలో తొడుక్కునే కవచం, తర్వాతే దాని కిందున్న ఒళ్ళు. రోగిని ముట్టకుండా ఫిల్ము చూసి మాట్లాడే నీ డాక్టరుకు సరిగ్గా అతికింది. నీకు తెలిసి రాశావో లేదో!

ఇక నాలుగో పేజీ. నర్సు "యాడమ్మా నొప్పి?" అంటే ముసలమ్మ "ఈడే తల్లా, బండ పెట్టినట్టుండాది" అంటుంది. రొమ్మూ అనదు, గుండే అనదు, చెయ్యి పెట్టి చూపిస్తుంది. మిగతా కథంతా తిరగరాసినా సరే, ఆ ముక్క మాత్రం ముట్టుకోవద్దు.

ఉంటాను.