రాలిన దుప్పి కొమ్ముతో పెన్ను చేసి అమ్మవచ్చా?

ప్రశ్న: రాజమండ్రిలో లేత్ మీద ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులు చేస్తాను. నల్లమల వైపు బంధువులు అడవిలో రాలి దొరికాయంటూ 4 దుప్పి కొమ్ములు ఇచ్చారు. తాతగారి నాటి ఏనుగు దంతం ముక్క కూడా ఇంట్లో ఉంది. అమెరికాలో ఒకాయన కొమ్ము బారెల్‌తో (పెన్ను ఒళ్లు) పెన్ను కావాలంటున్నారు. ఏ జంతువునూ చంపలేదు కదా, చేసి పంపవచ్చా?

జవాబు: వద్దు. ఆ కొమ్ముల మీద రంపం పెట్టకండి.

దుప్పి ఏటా కొమ్ములు రాల్చే మాట నిజమే. కానీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో ‘ట్రోఫీ’ నిర్వచనం చాలా విశాలం. కొమ్ము, ఎముక, ఈక, గోరు, పన్ను అన్నీ అందులోకి వస్తాయి. సెక్షన్ 39 ప్రకారం అలాంటివి ప్రభుత్వ ఆస్తి. చేతికొచ్చిన 48 గంటల్లో దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో అధీకృత అధికారికో తెలపాలి. లిఖితపూర్వక అనుమతి లేకుండా ఉంచుకోవడం, ఇంకొకరికి ఇవ్వడం, పాడుచేయడం నిషేధం. రాలిన కొమ్ముకు ఈ సెక్షన్ వర్తించదని వాదించే వీలు కొంత ఉంది. అయితే ఆ వాదన వినిపించే నాటికి సరుకు సీజయి, మీరు ముద్దాయిగా నిలబడి ఉంటారు. పైగా సెక్షన్ 57 కింద, మీ దగ్గరున్నది అక్రమం కాదని నిరూపించుకోవలసిన భారం మీదే. సాధారణ ఉల్లంఘనకు 3 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టంలో అత్యంత రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు (జాబితా) జంతువైతే 3 నుంచి 7 ఏళ్లు, కనీసం 25,000 జరిమానా. అది రాజీకి వచ్చే నేరం కాదు.

‘విదేశీ జింకది’ అని చెప్పి గట్టెక్కవచ్చని సలహా ఇచ్చేవాళ్లుంటారు, నమ్మకండి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ల్యాబ్‌లో చిన్న ముక్క డీఎన్ఏతోనే అది ఏ జంతువుదో తేల్చేస్తారు.

ఇప్పుడు చేయవలసింది: కొమ్ములను బంధువులకు తిప్పి పంపకండి, అదీ బదిలీయే. పారేయకండి. ఎన్ని, ఎంత పొడవు, ఎలా వచ్చాయన్నది రాసి, ఆ లేఖను ముందు స్థానిక న్యాయవాదికి చూపండి. గడువు దాటిందన్న ఒప్పుకోలు ఎలా రాయాలన్నది అక్కడే తేలాలి. తర్వాత డీఎఫ్ఓ (జిల్లా అటవీ అధికారి) కార్యాలయంలో కొమ్ములు, లేఖ ఇచ్చి, రసీదు తీసుకోండి.

దంతం సంగతి ఇంకా కఠినం. తాతగారి పేర యాజమాన్య ధ్రువపత్రం ఉందా, వెతకండి. ఉంటే వారసత్వం వచ్చిన 90 రోజుల్లో మీరు డిక్లరేషన్ ఇచ్చి ఉండాలి. పత్రం ఉన్నా అమ్మే హక్కు రాదు (సెక్షన్ 43). దిగుమతి చేసుకున్న ఆఫ్రికా దంతానికీ ఇదే గతి. ఆ వ్యాపార నిషేధాన్ని సుప్రీంకోర్టు 2003లో సమర్థించింది. పెన్ను పనివాళ్లు మోజుపడే మామత్ (ఏనుగు జాతి పురాతన జంతువు) దంతానికీ నిషేధం వర్తిస్తుందని అదే ఏడాది బలరాం కుమావత్ కేసులో చెప్పింది. వేల ఏళ్ల కింద అంతరించిన జంతువుదైనా మినహాయింపు లేదన్నమాట.

 

మీ గిరాకీకి పెంపుడు గేదె కొమ్ము చాలు. అడవి గేదె మొదటి షెడ్యూలులో ఉంది కాబట్టి మీ కొమ్ము పెంపుడుదేనని తెలిపే కాగితం ముఖ్యం. అమ్మినవాడి పేరు, చిరునామా, తేదీ, బరువుతో బిల్లు తీసుకోండి. చిల్లర సరుకైనా సరే. ఇన్‌వాయిస్‌లో ‘కొమ్ము పెన్ను’ అని ఊరుకుంటే కస్టమ్స్‌లో పార్సిల్ ఆగుతుంది. ‘పెంపుడు గేదె కొమ్ము, బుబాలస్ బుబాలిస్’ అని శాస్త్రీయ నామంతో రాసి, బిల్లు నకలు జతపరచండి. వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో పరిశీలన కోరవచ్చు కనుక పెన్ను చేర్చే గడువు గట్టిగా ఒప్పుకోవద్దు.

అమెరికా ఆయన దుప్పి కొమ్మే కావాలని పట్టుబడితే ఆర్డరు వదులుకోండి. మన చట్టాన్ని మీరి వెళ్లిన వన్యప్రాణి వస్తువును దిగుమతి చేసుకోవడం అమెరికాలో లేసీ చట్టం కింద నేరం. ఆ మాట ఆయనకూ ఒకసారి రాసి చూడండి.