వంటింటి ప్రశ్నలు: 14 మంది ఫ్రెండ్స్, రెండు బర్నర్ల స్టవ్

ప్రశ్న: అక్కా నమస్తే. మా ఆయనకి వచ్చే నెల 40 నిండుతాయి. ఆయన కాలేజీ ఫ్రెండ్స్, మా అపార్ట్‌మెంట్ వాళ్ళు కలిపి 14 మంది శనివారం రాత్రి భోజనానికి వస్తున్నారు. కేటరింగ్ వద్దనుకున్నా, నా చేత్తో వండి పెట్టాలని గట్టిగా ఉంది. మాది కాకినాడ, ఇప్పుడు మియాపూర్‌లో ఉంటున్నాం. లిస్ట్ ఇలా రాసుకున్నా: చికెన్ 65, మిరపకాయ బజ్జీ, గారెలు కోడికూర, రొయ్యల వేపుడు, మటన్ దమ్ బిర్యానీ, గుత్తివంకాయ, చేపల పులుసు, పులిహోర, పెరుగు పచ్చడి, బొబ్బట్లు, డబుల్ కా మీఠా, కేక్. ముగ్గురు వెజిటేరియన్లు ఉన్నారు. నా దగ్గర రెండు బర్నర్ల స్టవ్, ఒక ఇండక్షన్ ఉన్నాయి. ఎక్కడ మొదలెట్టాలో, ఏది తీసెయ్యాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: వండి పెట్టాలన్న కోరిక మాత్రం అస్సలు వదులుకోకండమ్మా. 40 ఏళ్ళ మనిషికి భార్య చేతి వంట, చుట్టూ పాత ఫ్రెండ్స్, ఇంతకన్నా మంచి పుట్టినరోజు ఏముంటుంది చెప్పండి. మీ లిస్ట్‌లో మీకు చేతకానిది ఏదీ ఉండి ఉండదు, విడివిడిగా అన్నీ ఎప్పుడో ఒకప్పుడు చేసే ఉంటారు. చిక్కంతా ఎక్కడంటే చికెన్ 65, బజ్జీ, గారెలు, రొయ్యల వేపుడు, బొబ్బట్లు, ఈ ఐదూ వడ్డించే ముందు అరగంటలోనే స్టవ్ కావాలంటాయి. అంటే హాల్లో అందరూ కబుర్లు చెప్పుకుంటుంటే మీరు మూకుడు ముందు చెమటలు కక్కుతూ నిలబడాలి, ఆయన మధ్యమధ్యలో వచ్చి "ఇంకెంతసేపే" అని అడిగి వెళ్తుంటారు. అందుకని ఏది రుచి అని కాకుండా ఏది ఎప్పటికి పూర్తయిపోతుంది అని లిస్ట్ మళ్ళీ రాయండి. ముందురోజే అయిపోయేవి ఎక్కువ, ఆ రోజు పగలు చేసేవి కొన్ని, అప్పటికప్పుడు చేసేది మాత్రం ఒక్కటే ఉండాలి.

ఆ ఒక్కటీ ఏది అంటే నేనైతే గారెలే అంటాను. తింటే గారెలే తినాలి, వింటే భారతమే వినాలి అని ఊరికే అన్నారా. పైగా గోదావరి జిల్లాల వాళ్ళింట్లో గారెలు కోడికూర లేకుండా విందేంటి. స్టార్టర్ కింద అదే పెట్టండి, తలా మూడు గారెలు, చిన్న గిన్నెలో కోడికూర, వెజిటేరియన్లకి అల్లం పచ్చడి. అరకిలో మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్ళు చిలకరించుకుంటూ గట్టిగా రుబ్బండి. చిటికెడు పిండి గిన్నెడు నీళ్ళలో వేస్తే తేలాలి, మునిగిందంటే చేత్తో ఇంకాస్త గిలక్కొట్టాలి. రుబ్బిన పిండి ఫ్రిజ్‌లో పెట్టుకోండి కానీ ఉప్పు మాత్రం వేసే ముందే కలపండి, ముందే కలిపితే పిండి నీరు వదిలి జారిపోతుంది, ఇక గారె నూనె తాగుతుంది.

65, బజ్జీ, రొయ్యలు తీసెయ్యండి. రొయ్యలు తీసెయ్యడానికి మీకు మనసొప్పదని తెలుసు, కానీ పొట్టు తీశాక తూకం దాదాపు సగానికి వస్తుంది, వేపుడు చేసి మళ్ళీ వేడి చేశారంటే రబ్బరులా సాగుతాయి, అంత ఖరీదు పెట్టి అలా తినడం ఎందుకు. బొబ్బట్లు కూడా ఈసారికి వద్దు, 14 మందికి బొబ్బట్లు వత్తి కాల్చడమంటే మధ్యాహ్నమంతా దానికే పోతుంది. వాటి బదులు ఆత్రేయపురం పూతరేకులు తెప్పించండి, వాటికి 2023లో జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకు అనే గుర్తింపు) కూడా వచ్చింది, స్టవ్‌తో పని లేదు, మీ ఊరి వైపు రుచీ ఉంటుంది. డబుల్ కా మీఠా శుక్రవారమే చేసి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. కేక్ ఎలాగూ ఉంది, మూడు తీపి చాలు.

ఇక శుక్రవారం రాత్రి చేపల పులుసు. ఈ మొత్తం విందులో నాకు బాగా ఇష్టమైన పని ఇదే. పులుసు ఒక రాత్రి గడిస్తేనే ముక్కకి పులుపు పడుతుంది, మన అమ్మమ్మలు పులస పులుసు రాత్రి వండి మర్నాడు పెట్టింది అందుకే. పులస మాత్రం కొనకండి, అది వరద కాలంలో వచ్చేది, ధర అటుంచితే ముళ్ళు చాలా ఎక్కువ, కబుర్లలో పడి తినే 14 మందికి పెట్టే చేప కాదు. పండుగప్పో కొర్రమీనో కిలోన్నర చాలు. వెడల్పాటి గిన్నె తీసుకోండి, ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కనే పట్టాలి. ఉల్లిపాయ ముద్ద నూనె తేలేదాకా వేగనిచ్చి, కారం, పసుపు, ధనియాల పొడి, చింతపండు పులుసు పోసి బాగా మరిగాకే ముక్కలు వెయ్యండి, రెండు బెండకాయలు, నాలుగు పచ్చిమిర్చి నిలువుగా చీల్చి వెయ్యండి. ముక్క పడ్డాక గరిటె ముట్టుకోవద్దు, గుడ్డతో గిన్నె అంచులు రెండు వైపులా పట్టుకుని మెల్లగా తిప్పండి, పులుసే ముక్కల మీదకి ఎక్కి దిగుతుంది. దించే ముందు వేయించిన మెంతుల పొడి పావు స్పూను. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి, పులుపు ఉంది కదా అని రాత్రంతా బయట వదిలెయ్యకండి, మన ఎండలకి అది మంచిది కాదు. శనివారం సాయంత్రం సన్నని సెగ మీద, మళ్ళీ గరిటె పెట్టకుండానే, తెర్లేదాకా వేడి చేస్తే చాలు.

బిర్యానీ విషయంలో నా మాట వినండి, పచ్చి మాంసంతో వేసే కచ్చి దమ్ ఈ రోజుకి వద్దు, పక్కీ చెయ్యండి. కచ్చిలో ముక్క ఉడికిందో లేదో మూత తీసేదాకా తెలీదు, బయట 14 మంది ఆకలితో కూర్చున్నప్పుడు ఆ టెన్షన్ మీకెందుకు. రెండు కిలోల మటన్, శుక్రవారం పగలే పెరుగు, అల్లం వెల్లుల్లి, వేయించిన ఉల్లిపాయలు, పుదీనా వేసి ముక్క ముప్పావు వంతు పైగా ఉడికేదాకా వండి పెట్టుకోండి. శనివారం సాయంత్రం కిలోన్నర బాస్మతి అరగంట నానబెట్టి, ఉప్పగా తగిలే మరిగే నీళ్ళలో ఉడికించి, గింజ గిల్లితే మధ్యలో సన్నగా పలుకు తెలిసేటప్పుడు వార్చి, వేడి చేసిన మటన్ మీద పరిచి దమ్ వెయ్యండి. పాతిక నిమిషాలు చాలు. పెద్ద డబరా కోసం టెంట్ హౌస్‌కి వెళ్ళకండి, అది ఎక్కిస్తే రెండో బర్నర్ మీద చెంబు కూడా పట్టదు. మామూలు గిన్నెలు రెండింట్లో వెయ్యండి, దమ్ కూడా సమంగా పడుతుంది. ఆ టైముకి గారెలు తప్ప మిగతా వంటలన్నీ అయిపోయి ఉంటాయి కాబట్టి రెండు బర్నర్లూ దానికే ఇవ్వొచ్చు, దమ్ దించాక గారెల మూకుడు పెట్టండి. ఇండక్షన్ మీద పులుసు, కోడికూర వంతులవారీగా వేడి చేసుకోండి, అల్యూమినియం గిన్నెలు దాని మీద వేడెక్కవు కాబట్టి ఏ కూర ఏ గిన్నెలో ఉండాలో శుక్రవారమే చూసుకోండి. అన్నట్టు గ్యాస్ బండ చూసుకున్నారా? రెండోది నిండుగా ఉందో లేదో ఈ వారమే చూడండి.

వెజిటేరియన్లు ముగ్గురే కదా అని వాళ్ళని పెరుగన్నం మీద వదిలెయ్యకండి. గుత్తివంకాయ, పులిహోర, అరకిలో బియ్యంతో వెజ్ పలావ్ ముందు వండేసి వేరే వైపు పెట్టండి, గరిటెలు కూడా వేరుగా. గారెలకి కొత్త నూనె పొయ్యండి. గుత్తివంకాయలో కూరే కారం శుక్రవారం చేసి పెట్టుకోవచ్చు, వంకాయలు శనివారం మధ్యాహ్నం. పులిహోర పులుసు వారం ముందు కూడా చేసుకోవచ్చు, నాలుగు గంటలకి అన్నం కలిపి పెడితే ఎనిమిదింటికి పులుపు చక్కగా పట్టి ఉంటుంది.

వడ్డనకి మన వరసే వాడుకోండి. మన భోజనంలోనే పప్పు నెయ్యి, కూర, పులుసు, పెరుగు అని ఒకదాని తర్వాత ఒకటి ఉంది, హోటల్ మెనూ చూసి నేర్చుకోనక్కర్లేదు. ముందు గారెలు కోడికూర హాల్లోనే చేతికివ్వండి. పావుగంట ఆగి విస్తరి వేసి పూతరేకు, పులిహోర, తర్వాత బిర్యానీ గుత్తివంకాయ పెరుగు పచ్చడి, ఆ తర్వాత కొంచెం తెల్లన్నం చేపల పులుసు, చివర పెరుగన్నం. బిర్యానీ మొదటి వడ్డన చిన్నగా వెయ్యండి, కావాలంటే మారు అడుగుతారు, లేకపోతే పులుసు దాకా వచ్చేసరికి ఎవరి పొట్టలోనూ చోటుండదు. కేక్, డబుల్ కా మీఠా ఒక గంట తర్వాత. గారెలు వేసే అరగంట తప్ప మీరు మళ్ళీ స్టవ్ దగ్గర నిలబడక్కర్లేదు, బిర్యానీ వడ్డించేటప్పుడు మీ విస్తరి కూడా వేసుకుని ఆయన పక్కన కూర్చోండి.

ప్రశ్న: మేడమ్, మీరు అందరికీ పక్కీ చెప్తారు కానీ నాకు కచ్చి దమ్ బిర్యానీయే చెయ్యాలని ఉంది, మా గ్యాంగ్‌లో ఒకడి బర్త్‌డేకి మాటిచ్చిన. అడుగున మాడుతుంది, పైన అన్నం మెత్తగైతది, ముక్క మాత్రం గట్టిగుంటుంది. ఏం చెయ్యాలె?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మాటిచ్చారు కాబట్టి చేద్దాం తమ్ముడూ. ముక్క గట్టిగా ఉండటానికి రెండు కారణాలు, ముదురు మాంసం, తక్కువ నానడం. లేత పోతు మాంసం అడగండి, కిలోకి ఒకటిన్నర స్పూను పచ్చి బొప్పాయి ముద్ద తొక్కతో సహా నూరి కలపండి, దాంట్లో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది మాంసంలోని ప్రొటీన్‌ని విడగొట్టి మెత్తబరుస్తుంది. ఎక్కువ వేస్తే ముక్క పిండిలా అయిపోతుంది, జాగ్రత్త. రాత్రంతా ఫ్రిజ్‌లో నానాలి, దమ్‌కి అరగంట ముందు బయటికి తియ్యాలి, మంచులా చల్లగా ఉన్న ముక్క మీద వేడి అన్నం వేస్తే అడుగు వేడెక్కేసరికే పైన అన్నం అయిపోతుంది, మీకు జరుగుతున్నది ఇదే అనిపిస్తుంది. అన్నం రెండు విడతలుగా తియ్యండి, కింద పొరకి సగం ఉడికింది, పైకి ముప్పావు ఉడికింది. పెరుగు నీళ్ళగా ఉంటే గుడ్డలో కాసేపు వడకట్టండి. మూతకి పిండి చుట్టి, ముందు పది నిమిషాలు గట్టి మంట, ఆవిరి అంచుల్లోంచి తొంగి చూడగానే కింద మందపాటి పెనం పెట్టి 40 నిమిషాలు సన్నని మంట, కట్టేశాక ఇంకో పావుగంట ముట్టుకోవద్దు. ఒక్కటి మాత్రం తప్పకుండా చెయ్యండి, పార్టీకి ముందు ఆదివారం ఇదే గిన్నెలో, ఇదే స్టవ్ మీద, కిలోతో ఇంట్లోవాళ్ళకి ఒకసారి వండండి. మీ స్టవ్ మంట ఎంతో నేనిక్కడి నుంచి చెప్పలేను, ఆ ఒక్కసారితో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం అండీ. పిల్లాడి పుట్టినరోజుకి ఇంట్లోనే వండుదామనుకుంటే వచ్చేవాళ్ళంతా "ఏం తేవాలి" అని మెసేజ్‌లు పెడుతున్నారు. చెప్పడానికి మొహమాటంగా ఉంది. ఇంకోటి, అందరూ ఒకే టైముకి రారు, వంటలు వేడిగా ఎలా ఉంచాలి?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: మొహమాటపడకండి, అడిగినవాళ్ళు మనస్ఫూర్తిగానే అడుగుతారు. కానీ మెయిన్ ఐటమ్ ఎవరికీ అప్పజెప్పకండి, వాళ్ళు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మీ భోజనం ఆగిపోతుంది. ఐస్, పెరుగు, పళ్ళు, అప్పడాలు, డ్రింక్స్ చెప్పండి, బాగా వండేవాళ్ళకి ఒక పచ్చడి చెప్పండి, గోంగూర పచ్చడి అయితే ఇంకా మంచిది, అది రెండు రోజుల ముందు చేసినా బాగుంటుంది. వేడికి మీ ఓవెనే పెద్ద సాయం, 200 ఫారన్‌హీట్ దగ్గర పెట్టి అల్యూమినియం ట్రేల మీద ఫాయిల్ బిగించి లోపల ఉంచండి. వండింది 140 ఫారన్‌హీట్ పైన వేడిగా ఉంటే భయం లేదు, బయట టేబుల్ మీద మాత్రం రెండు గంటలు దాటనివ్వకండి. ముఖ్యంగా అన్నం, బిర్యానీ. అన్నంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా వండినా చావదు, బయట గంటలకొద్దీ ఉంచితే అది పెరిగి వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. మిగిలింది వెడల్పు ట్రేలో పల్చగా పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. కుక్కర్‌లో కుక్కి పెడితే మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఫ్రెండ్స్‌లో ఒకమ్మాయికి పల్లీలు పడవంట, కొంచెం తగిలినా గొంతు వాస్తుందంట. పుట్టినరోజుకి అచ్చమైన తెలుగు భోజనం పెట్టాలనుకున్నాం. ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక తల్లి, రాజమండ్రి

జవాబు: మంచి పని చేశారమ్మా ముందే అడిగి. మన వంటల్లో పల్లీ కనపడకుండా చాలా చోట్ల ఉంటుంది, పులిహోర తాలింపులో, గుత్తివంకాయ కారంలో, మిర్చి కా సాలన్‌లో, టిఫిన్ చట్నీలో, ఆఖరికి నూనెలో కూడా. ఆ అమ్మాయి ఒక్కదానికి వేరే వండటం కన్నా ఆ పూట ఇంట్లో పల్లీయే లేకుండా వండటం తేలిక, భోజనాల దగ్గర తనని వేరు చేసినట్టూ ఉండదు. నూనె పొద్దుతిరుగుడుది కొత్త ప్యాకెట్ తీసుకోండి, పులిహోరలో శనగపప్పు, మినప్పప్పు ఎర్రగా వేయించి వెయ్యండి, కరకర అలాగే ఉంటుంది. గుత్తివంకాయకి కొబ్బరి, ధనియాలు, వేయించిన శనగపప్పుతో కారం చెయ్యొచ్చు. నువ్వులు, జీడిపప్పు, పప్పుధాన్యాలు పడతాయో లేదో కూడా వాళ్ళమ్మగారిని అడగండి, అడిగాకే మెనూ రాయండి. రోజూ పల్లీ చట్నీ వేసే మిక్సీ జార్ రబ్బరు వాషర్ తీసి, బ్లేడు కింద వరకు వేడినీళ్ళు, సబ్బుతో కడగండి, వీలైతే ఆ రోజుకి వేరే జార్ వాడండి. స్వీట్ షాపు నుంచి ఏదన్నా తెచ్చినా, కేక్ తెచ్చినా, ప్యాకెట్ మీద రాసింది చదవండి, రాసి లేకపోతే ఆ అమ్మాయికి పెట్టొద్దు. తను వాడే మందు ఏదన్నా ఉంటే వచ్చేటప్పుడు బ్యాగులో తెచ్చుకోమనండి, ఎక్కడ పెట్టుకుందో మీరూ అడిగి తెలుసుకోండి.