డకీ టకీ ఉన్న తేడా

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. తొమ్మిదో తరగతి పిల్లలకి ఫార్ములాలు రాయడం నేర్పాలని ఇంత ఓపిగ్గా తెలుగులో రాశావు, అందుకే చాలా సంతోషం. కానీ ఒకచోట సోడియం సల్ఫైట్ అని రాసి పక్కన సల్ఫైడ్ ఫార్ములా వేశావు. చిన్న అచ్చుతప్పే కదా అని వదిలేయకు.

మన లిపిలో సల్ఫైడ్‌కీ సల్ఫైట్‌కీ ఒక్క హల్లు తేడా, సల్ఫైట్‌కీ సల్ఫేట్‌కీ ఒక్క గుణింతం తేడా. డ ఉంటే సోడియం, గంధకం, అంతే. ట వచ్చిందంటే ఆక్సిజన్ కూడా చేరింది: సల్ఫైట్‌లో మూడు, సల్ఫేట్‌లో నాలుగు. అలాగని ఐట్ అంటే మూడు అని పిల్లలకి చెప్పేయకు, నైట్రైట్‌లో రెండే, నైట్రేట్‌లో మూడు. ఆ చివరి శబ్దం ఎక్కువా తక్కువా అన్నదే చెబుతుంది, లెక్క చెప్పదు. హైడ్రాక్సైడ్, సయనైడ్ లాంటివి ఈ వరసకి లొంగవని కూడా ఒక మాట రాయి.

చాలా ఏళ్ల కిందట ఉప్పు గురించి నేను రాసిన వ్యాసంలో సోడియం క్లోరైడ్ బదులు సోడియం క్లోరేట్ అని పడింది. క్లోరేట్ కలుపు మొక్కల్ని చంపడానికి వాడిన మందు. ప్రూఫు చూసింది నేనే. ఒక మాస్టారు ఉత్తరం రాసేదాకా తెలియలేదు, తెలిశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి ప్రతి పేరూ చివరి అక్షరం మీద వేలుపెట్టి పైకి చదువుతాను. నువ్వూ అలా చెయ్యి.

ఈ చివరి శబ్దాలకి అర్థం కట్టబెట్టింది 1787లో ఫ్రాన్స్‌లో రసాయన శాస్త్రవేత్తలు లావోయిజర్, గైటన్ ద మోర్వో, బెర్తోలే, ఫోర్‌క్రాయ్ కలిసి. అంతకుముందు పేర్లు ఎక్కువగా రంగునిబట్టో, దొరికిన చోటునిబట్టో పుట్టేవి. మన మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), అన్నభేది (ఐరన్ సల్ఫేట్) కూడా పాత పేర్లే. వినడానికి బాగుంటాయి, కానీ రెండింట్లోనూ సల్ఫేటే ఉందని పేరు చూస్తే తెలియదు. వాటిని తీసేయమనడం లేదు, కాపర్ సల్ఫేట్ పక్కన మైలుతుత్తం అని తప్పకుండా రాయి, ఇంట్లో వ్యవసాయం ఉన్న పిల్లవాడు మైలుతుత్తం, సున్నం కలిపి పంటలకి కొట్టే బోర్డో మిశ్రమం గుర్తొచ్చి కళ్లు పెద్దవి చేసుకుని చదువుతాడు. అక్కడే ఫార్ములాలో చుక్క పెట్టి ఐదు నీటి అణువులు ఎందుకు రాస్తామో చెప్పు: సుమారు 250 గ్రాముల మైలుతుత్తంలో 90 గ్రాములు నీళ్లే. వేడిచేస్తే ఆ నీళ్లు పోయి నీలం తెల్లబడుతుంది.

సంయోజకతలు, అంటే ఒక్కొక్కటి ఎన్నిటితో కలవగలదో చెప్పే అంకెలు, అటుదిటు, ఇటుదటు మార్చి రాసే పద్ధతి బాగానే చెప్పావు. అల్యూమినియంకి 3, సల్ఫేట్‌కి 2, కాబట్టి రెండు అల్యూమినియంలు, మూడు సల్ఫేట్లు. కానీ సల్ఫేట్ చుట్టూ బ్రాకెట్ మర్చిపోయావు! దాంతో ఆక్సిజన్ కింద 4 పక్కనే 3 పడి నలభైమూడు అయింది. మెగ్నీషియం ఆక్సైడ్‌లో 2, 2 కొట్టేసి ఒకటీ ఒకటీ చేస్తామని రాశావు, నిజమే, అక్కడ ఫార్ములా చెప్పేది నిష్పత్తి మాత్రమే. అదే అలవాటుతో హైడ్రోజన్ పెరాక్సైడ్‌లోని రెండు రెళ్లనీ పిల్లలు కొట్టేస్తారు. అక్కడ అణువులో నిజంగానే రెండు హైడ్రోజన్లు, రెండు ఆక్సిజన్లు ఉన్నాయి, కొట్టేయడానికి వీల్లేదు. ఈ తేడా నీ వ్యాసంలో ఎక్కడా లేదు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోటు ఇదే, దీనికి ఒక పేజీ ఇచ్చినా ఎక్కువ కాదు.

కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ దగ్గర మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టకు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే ప్రాణం తీసేది మోనాక్సైడ్. ఫార్ములాలో ఒక్క 2 లేకపోవడమే తేడా. అది రాయి, పిల్లలు మర్చిపోరు.

ఇంకో సంగతి, ఫోన్‌లో టైప్ చేసినప్పుడు కింద ఉండాల్సిన అంకెలు పైకొచ్చి మామూలు అంకెలైపోతున్నాయి, పంపేముందు ఒక్కొక్కటీ చూడు. సరిచేసి పంపు, ఈసారి పెన్సిల్ పట్టుకుని కూర్చుంటాను.

ప్రేమతో,
మీ అన్నయ్య